గతుక్కి విరుగుడు: కాస్త నూనె, కాస్త గాలి

1955 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో తెర తీసిన ఫ్రెంచి కారు సిట్రొయెన్ డీఎస్‌కు 70 ఏళ్లు నిండాయి. ఆదివారం పేజీకి ఆ సాకు చాలు. పైగా వానలు వెలిశాక షెడ్లలో ఎప్పుడూ వినిపించే ప్రశ్న ఒకటుంది: షాకబ్జార్బర్లు ఆయిల్‌వి వేయమంటారా, గ్యాస్‌వా?

వేల ఏళ్లపాటు బండి ఇరుసుకూ మనిషి నడుముకూ మధ్య గడ్డి పరుపు తప్ప అడ్డం లేదు. తర్వాత దొరలు బండి పెట్టెను తోలు పట్టీలకు వేలాడదీశారు. 1804లో లండన్‌లో ఒబదయా ఇలియట్ కమాను పట్టీలకు పేటెంటు తీసుకున్నాడు. పట్టీలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి కాబట్టి ఊపు కొంత దానంతటదే చచ్చేది. మన అంబాసిడర్ వెనక భాగం చివరిదాకా వాటి మీదే నడిచింది. చుట్ట స్ప్రింగుకు ఆ ఒరిపిడి లేదు. గుంత దాటినా ఊగుతూనే ఉంటుంది. సన్నటి రంధ్రాల్లోంచి నూనెను తోసి ఆ ఊపును వేడిగా మార్చేదే షాకబ్జార్బర్. బరువు మోసేది మాత్రం స్ప్రింగే.

ఇక నాకిష్టమైన చోటికి వచ్చేశాం. పాల్ మజెస్ 1925లో పదిహేడేళ్ల వయసులో సిట్రొయెన్‌లో చేరాడు. ఇంజినీరింగ్ పట్టా లేదు. కంపెనీ పెద్ద పియెర్-జూల్ బులాంజే అతన్ని నమ్మి సస్పెన్షన్ అప్పగించాడు. మజెస్ ఉక్కు స్ప్రింగునే తీసేశాడు. దాని బదులు చక్రానికొకటి చొప్పున కొబ్బరికాయంత ఉక్కు గోళం పెట్టాడు. లోపల రబ్బరు పొర. పైన నైట్రోజన్, కింద నూనె. గ్యాసే స్ప్రింగు, గోళం మెడలోని కవాటమే షాకబ్జార్బర్. బరువెక్కితే పంపు మరింత నూనె తోసి కారును మళ్లీ అదే ఎత్తుకు లేపుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేయగానే కారు నెమ్మదిగా లేచి నిలబడేది. 1954లో తమ పాత మోడల్ ట్రాక్షన్ అవాంట్ వెనక చక్రాలకు పెట్టి చూసి, మరుసటేడు డీఎస్‌లో నాలుగింటికీ పెట్టారు. షో మొదటిరోజే పన్నెండు వేల ఆర్డర్లు వచ్చాయని చెబుతారు. మొదటి ఎర్ర నూనె తేమ పీల్చి పైపులను తుప్పు పట్టించేది. పల్లెటూరి మెకానిక్కులు తల పట్టుకున్నారు. 1960లలో ఆకుపచ్చ ఖనిజ నూనె వచ్చాక గానీ గోల తగ్గలేదు. ఈలోగా రోల్స్-రాయిస్ వాళ్లు కూడా సిల్వర్ షాడో కోసం లైసెన్సు కొనుక్కున్నారు.

1962 ఆగస్టు 22న పారిస్ శివారు పెటి-క్లమార్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గోల్ ఎక్కిన డీఎస్ మీద తూటాల వాన కురిసింది. టైర్లు పగిలినా కారు ఆగలేదు. సస్పెన్షన్ భక్తులు ఆ ఘనతంతా గోళాలకే కట్టబెడతారు. స్టీరింగ్ పట్టుకున్న ఫ్రాన్సిస్ మారూ పేరు ఎత్తరు.

మిగతా కథ చెల్లాచెదురు. 1950లలోనే ద కార్బాన్ అనే మరో ఫ్రెంచివాడు ఒకే గొట్టంలో అధిక పీడనపు గ్యాస్ బిగించి, నూనె నురగెత్తకుండా చేశాడు. 2002లో కాడిలాక్ అయస్కాంతానికి చిక్కబడే ద్రవం తెచ్చింది. సిట్రొయెన్ తన గోళాలను 2017లో తానే వదిలేసింది. ఇంతలో అందరూ పెద్ద అల్లాయ్ వీల్స్, పల్చటి టైర్లు వేసుకుని గతుకును మళ్లీ నడుముకే తెచ్చుకున్నారు.

ఇక షెడ్డులో ప్రశ్నకు వస్తే, మన షాపుల్లో గ్యాస్ అని అమ్మేవాటిలో చాలావరకు కొద్దిపాటి ఒత్తిడి నింపిన జంట గొట్టాలవే. ఇంటికీ ఆఫీసుకూ తిరిగే మెత్తటి కారుకు కంపెనీ బిగించిన రకమే మేలు. స్పోర్ట్ రకం కుర్రాళ్లకు వదిలేయండి. ముందు రెండూ లేదా వెనక రెండూ కలిపే మార్చాలి. పై మౌంటు రబ్బరు, బంప్ స్టాప్, డస్ట్ కవర్ కూడా కొత్తవి వేయించాలి. కటకట శబ్దమైతే ముందు లింక్ రాడ్డు, బుష్షులు చూడమనాలి. తప్పు వాటిదే కావచ్చు. ఆర్మ్ బుష్షుల బోల్టులను జాకీ మీద ఉండగా బిగించేస్తే కారు దిగాక రబ్బరు మెలితిరిగి, కొత్త షాకబ్జార్బర్లే గట్టిగా ఉన్నట్టనిపిస్తుంది. చక్రాలు నేల మీద ఆనాకే ఆఖరి బిగింపు వేయమనండి.