కాకినాడ ముంగిట ఇసుక తిన్నె

కాకినాడ రేవులో ఓడలు నిశ్చింతగా లంగరు వేయుటకు కారణము, ఎదుట ఉత్తరదక్షిణములుగా సాగియున్న హోప్ ఐలాండను ఇసుక తిన్నె. దక్కను పీఠభూమి నుండి కొట్టుకొనివచ్చిన ఇసుకను గోదావరి పాయయైన గౌతమి తన మొగయొద్ద విడిచిపెట్టగా, నైరృతి ఋతుపవనకాలమున తీరమునకు వాలుగా వచ్చు కెరటము దానిని ఏటవాలుగా గట్టునకెత్తి, మరలునప్పుడు మాత్రము తిన్నగా జార్చును. ఇట్లు ఎక్కుచు దిగుచు ప్రతి రేణువును ఉత్తరమునకు నడచుచుండ, ఈశాన్యపు గాలులు కొన్ని మాసములు దానిని వెనుకకు త్రోసినను, ఏడాది మొత్తముమీద ఉత్తరపు నడకయే మిగులును. గత రెండువందల యేండ్లలో ఈ నడకవలననే సుమారు 16 కిలోమీటర్ల తిన్నె పెరిగి, మా కాకినాడ అఖాతమును కడలినుండి వేఱుచేసినది.

తిన్నెకు తూర్పుముఖమున నిలిచి చూచినచో, కెరటము వెనుదీసిన తడియిసుకపై బరువైన ఇల్మనైటు నల్లని చారలుగాను, గార్నెట్టు ఎఱ్ఱని పొడిగాను నిలిచియుండును; తేలికయిసుక కొట్టుకొనిపోయినదనుటకు అదియే సాక్ష్యము. పైన బాలబంద తీగయు రావణుని మీసములను గడ్డియు ఎగిరివచ్చు ఇసుకను పట్టి తిన్నెను ఎత్తుచేయును. పడమటివైపు కథ వేఱు. అచ్చట కెరటము లేదు, ఆటుపోటులే యున్నవి. పోటు తెచ్చిన మెత్తని బురదను కోరంగి మడచెట్ల వేళ్లు పట్టుకొనగా, అఖాతము ఏటేట మెరకవేయుచున్నది.

ఈ మేటయే కోరంగి రేవును చంపినది. ఓడలు కట్టిన ఆ ఊరు, రంగూనునకు మనవారిని సాగనంపిన ఆ ఊరు, 1789, 1839 సంవత్సరముల ఉప్పెనలకు తల్లడిల్లినమాట నిజమే. కాని ఉప్పెన తీసినపిదప మరల లేవవలసిన రేవునకు లోతు లేకపోయెను. మొగల యెదుటి తిన్నెలు పరదేశపు నావికులనుకూడ విడువలేదు: 1867 జూనులో శాక్రమెంటో అను అమెరికా యుద్ధనౌక వానిపై చిక్కి నాశనమయ్యెను.

మాకు కాపైన తిన్నె, ఉత్తరపు తీరముననున్న ఉప్పాడ అను ఊరికి కీడైనది. ఉత్తరమునకు పోవలసిన ఇసుకను ఇది పట్టియుంచగా, దీని కొనను చుట్టి వంగిన కెరటములు ఆ తీరముననే గుమిగూడి ఇండ్లను, గుడులను, కొబ్బరితోటలను కోసివేసినవి. మా రేవు సుఖమునకు ఆ ఊరు చెల్లించుచున్న వెల యిది. దీనిని మేము మఱచుట న్యాయము కాదు.

ఇప్పుడు నదియే పేదదైనది. పైని జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటచే గోదావరి కడలికిచ్చునది 1970ల నాటికంటె సగమునకు మించి తగ్గినది. 1900 నుండి ప్రపంచ సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరుగగా, డెల్టా నేల తానై అణగుచున్నది. నీరు పెరిగినపుడు తుపాను కెరటము ఇసుకను తిన్నె తలమీదుగా పడమటికి చిమ్మును. ఇసుక సమృద్ధిగా నున్న తిన్నె అట్లు దొర్లుచునే జీవించును, లేనిది సన్నగిలి తెగును. తెగినచో కెరటము నేరుగా మడ అడవిమీదికి, రేవుమీదికి వచ్చును. కావున ఉప్పాడ గట్టునకు రాళ్లు మంజూరు చేయువారు, ఎగువ నిలిచిన ఇసుకను వఱదకాలమున దిగువకు విడుచు ఉపాయమునుకూడ ఆ దస్త్రముననే చర్చింపవలెను.