ఒకే కప్పు కింద ఇష్టమూ అయిష్టమూ: బెల్ ల్యాబ్స్ ఉద్యోగుల అనుభవాలపై ఒక పరిశీలన

పెద్ద పరిశోధన సంస్థలో పనిచేసేవారికి ఏది నచ్చుతుంది, ఏది నచ్చదు అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: స్వేచ్ఛ నచ్చుతుంది, పెత్తనం నచ్చదు. ఈ జవాబును తోసిపుచ్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అది ఎంతవరకు నిలుస్తుందో ఒక సంస్థ విషయంలో ఆధారాలతో పరిశీలించడమే ఉద్దేశం. ఇందుకు ఎంచుకున్నది అమెరికాలోని బెల్ టెలిఫోన్ లాబొరేటరీస్ (బెల్ ల్యాబ్స్). 1925లో న్యూయార్క్ నగరంలో మొదలైన ఈ సంస్థకు న్యూజెర్సీలోని మర్రే హిల్ ప్రాంగణం తర్వాత ప్రధాన కేంద్రమైంది. 1960ల చివరి నాటికి దాదాపు 15,000 మంది ఉద్యోగులు, వారిలో సుమారు 1,200 మంది డాక్టరేట్ పొందినవారు ఉండేవారని సంస్థ చరిత్ర రాసినవారు చెబుతున్నారు.

1. ఆధారాల స్వభావం

లభ్యమవుతున్న ఆధారాలను మూడు రకాలుగా విభజించవచ్చు. (అ) పని జరిగిన రోజుల్లోనే రాసుకున్న ప్రయోగశాల నోట్‌బుక్కులు, అంతర్గత లేఖలు. (ఆ) ఏళ్ల తర్వాత నమోదైన మౌఖిక చరిత్రలు. ఇక్కడ ట్రాన్సిస్టర్‌ను ఆవిష్కరించిన వాల్టర్ బ్రాటెన్ 1964లోనూ, జాన్ బార్డీన్ 1977లోనూ ఇచ్చిన ఇంటర్వ్యూలు ఈ కోవలోవి. (ఇ) సంస్థను విడిచాక చేసిన ప్రసంగాలు. గణిత శాస్త్రజ్ఞుడు రిచర్డ్ హామింగ్ 1976లో బయటికి వచ్చి, 1986లో చేసిన ప్రసంగం దీనికి ఉదాహరణ.

ఈ మూడింటికీ ఒకే విలువ ఇవ్వడం సరికాదు. ట్రాన్సిస్టర్ ఎప్పుడు పుట్టింది అన్న చిన్న విషయంలోనే ఎంత జాగ్రత్త అవసరమో చూడవచ్చు. కొన్ని రచనలు 1947 డిసెంబర్ 16 అంటాయి, కొన్ని డిసెంబర్ 23 అంటాయి. పై అధికారులకు చేసి చూపించిన 23వ తేదీ ప్రదర్శన బ్రాటెన్ నోట్‌బుక్కులో డిసెంబర్ 24 తేదీ కింద కనిపిస్తుంది. వీటిలో ఏదీ అబద్ధం కాదు. మొదటిది ఫలితం కంటబడిన రోజు, రెండోది నలుగురికీ చూపిన రోజు, మూడోది కాగితం మీద పెట్టిన రోజు. తేదీకే ఇంత వివరణ కావలసి వస్తే, ఇష్టాయిష్టాల వంటి అంతరంగ విషయాలకు మరింత జాగ్రత్త అవసరం.

మరో పరిమితి కూడా ఉంది. మాట్లాడమని ఎవరైనా అడిగింది ఎక్కువగా పేరు పొందినవారినే. గాజు గొట్టాలు ఊదినవారు, పరికరాలు బిగించినవారు, చేతి లెక్కలు చేసిన మహిళలు తమ ఉద్యోగం గురించి చెప్పుకున్న మాటలు వీటితో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి కింది నిర్ధారణలు వారికీ వర్తిస్తాయని అనలేం.

2. నచ్చినవాటికి సాక్ష్యం

2.1. ఎక్కువ వాంగ్మూలాల్లో కనిపించేది తోటివారి సామీప్యం. 1945లో బార్డీన్ చేరేనాటికి మర్రే హిల్‌లో గదుల కొరత ఉంది. సిద్ధాంత శాస్త్రజ్ఞుడైన ఆయనకు ప్రయోగాలు చేసే బ్రాటెన్, జెరాల్డ్ పియర్సన్‌ల గదిలోనే బల్ల వేశారు. సొంత గది లేకపోవడం మామూలుగా ఫిర్యాదు కావలసిన విషయం. బార్డీన్ విషయంలో అది అలా పరిణమించలేదు. పక్క బల్ల మీద జరుగుతున్న ప్రయోగాల మీద ఆయనకు ఆసక్తి కలగడానికి అదే దారి అయిందని ఆయన కథనం. అయితే ఇది విజయం తర్వాత గుర్తు చేసుకున్న మాట అని గమనించాలి.

2.2. భవన నిర్మాణం కూడా ఈ సామీప్యం కోసమే అనిపిస్తుంది. దారిలో పదిమందిని పలకరించకుండా కొస వరకు నడవలేనంత పొడవైన వరండాలు, అవసరాన్నిబట్టి జరుపుకోగల గోడలు మర్రే హిల్ ప్రత్యేకతలని చరిత్రకారులు రాశారు.

2.3. మూడోది ఆర్థిక నిశ్చింత. మాతృసంస్థ ఏటీ అండ్ టీకి టెలిఫోన్ రంగంలో దాదాపు గుత్తాధిపత్యం ఉన్నంతకాలం పరిశోధనకు నిధులు నిలకడగా అందాయి. 1984 జనవరి 1న ఆ వ్యవస్థ విడిపోయాక ఈ నిశ్చింత క్రమంగా తగ్గిందన్నది సాధారణ అభిప్రాయం.

3. నచ్చనివాటికి సాక్ష్యం

3.1. చేరిన రోజునే ఉద్యోగి తన భవిష్యత్ పేటెంట్ల హక్కును ఒక్క డాలర్‌కు సంస్థకు రాసిచ్చే ఆనవాయితీ ఉండేది. ఇది బయటివారికి అన్యాయంగా తోస్తుంది. అయినా పరిశీలించిన వాంగ్మూలాల్లో ఇది ప్రధాన ఫిర్యాదుగా కనిపించదు. ఫిర్యాదు డబ్బు దగ్గర గాక, పేరు దగ్గర మొదలైనట్టుంది.

3.2. బార్డీన్, బ్రాటెన్‌ల ఫలితం వెలువడ్డాక, వారి బృంద నాయకుడు విలియం షాక్లీ పేటెంట్ తన ఆలోచన ఆధారంగా రాయవచ్చని అన్నారనీ, ఇందులో అందరికీ సరిపడా కీర్తి ఉందని తాను బదులిచ్చాననీ బ్రాటెన్ 1964లో చెప్పారు. ఇది ఒక పక్షం జ్ఞాపకమే. కానీ పేటెంట్ చరిత్ర దానికి కొంత బలమిస్తుంది. షాక్లీ ఆలోచనకు దగ్గరగా జూలియస్ లిలియన్‌ఫెల్డ్ అంతకుముందే పేటెంట్ పొంది ఉండటంతో, ఆ తొలి ట్రాన్సిస్టర్ పేటెంట్ బార్డీన్, బ్రాటెన్‌ల పేర్లతోనే వెలువడింది.

3.3. 1948 నాటి అధికారిక ఫోటోలో ప్రయోగపు బల్ల ముందు కూర్చుని సూక్ష్మదర్శిని పట్టుకున్నది షాక్లీ. ఆ బల్ల, ఆ పరికరం బ్రాటెన్‌వి. ఆయన, బార్డీన్ వెనక నిలబడి ఉన్నారు. ఆ ఫోటో అంటే బ్రాటెన్‌కు గిట్టదని బార్డీన్ తర్వాత చెప్పారు.

3.4. 1951 మేలో సంస్థ అధ్యక్షుడు మెర్విన్ కెల్లీకి రాసిన లేఖలో, షాక్లీ పనితీరే తాను వెళ్లిపోవడానికి కారణమని బార్డీన్ వివరించారు. జ్ఞాపకం మీద ఆధారపడని సమకాలీన పత్రం కనుక దీనికి ఎక్కువ విలువ ఇవ్వవచ్చు.

3.5. మహిళల విషయంలో ఒక ఉదాహరణ. ఎర్నా హూవర్ 1954లో చేరారు. టెలిఫోన్ కాల్స్ రద్దీని కంప్యూటర్‌తో అదుపు చేసే పద్ధతి ఆమెకు ప్రసవం తర్వాత ఆసుపత్రిలో ఉండగా తట్టింది. దానికి 1971లో పేటెంట్ వచ్చింది. సాంకేతిక విభాగానికి అధిపతి అయిన తొలి మహిళ ఆమేననీ, అది 1978లో జరిగిందనీ జీవిత పరిచయాలు చెబుతున్నాయి. చేరిక నుంచి ఆ పదవికి 24 ఏళ్లు. దీన్నిబట్టే వివక్షను రుజువు చేయలేం, కానీ లేదని అనడానికీ ఇది తోడ్పడదు.

4. ఒకే విషయం, రెండు తీర్పులు

తలుపు మూసుకుని పనిచేసేవారు ఇవాళ ఎక్కువ పని చేస్తారనీ, తలుపు తెరిచి ఉంచేవారికి పదేళ్ల తర్వాత ఏ సమస్య ముఖ్యమో తెలిసి ఉంటుందనీ హామింగ్ గమనించారు. ఏది కారణమో, ఏది ఫలితమో తాను రుజువు చేయలేనని ఆయనే ఒప్పుకోవడం ఈ సాక్ష్యానికి గౌరవం తెస్తుంది. అదే ప్రసంగంలో మరో సంగతి ఉంది. ఆయన రసాయన శాస్త్రజ్ఞుల భోజనపు బల్ల దగ్గర చేరి, మీ రంగంలో ముఖ్యమైన సమస్యలేమిటి, మీరు వాటి మీద ఎందుకు పనిచేయడం లేదు అని అడగడంతో, ఆ బల్ల దగ్గర ఆయనకు ఆదరణ కరువైంది. అందరూ మెచ్చుకున్న సామీప్యం అక్కడ భరించలేనిదైంది.

1993లో రాబర్ట్ కెల్లీ, జానెట్ కాప్లాన్ ప్రచురించిన అధ్యయనం ఈ విషయానికి మరో కోణం చూపుతుంది. ప్రతిభావంతులుగా పేరు పడిన బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లకూ మిగతావారికీ తేడా తెలివితేటల్లో కాక పనిచేసే తీరులో ఉందని వారి నిర్ధారణ. అవసరం రాకముందే తోటి నిపుణులతో పరిచయం పెంచుకున్నవారికి సలహా త్వరగా దొరికేది, అలా చేయనివారు జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయేవారు. అంటే ఒకే వరండా ఒకరికి దారి, ఇంకొకరికి గోడ అయి ఉండవచ్చు.

5. తాత్కాలిక నిర్ధారణ

పై ఆధారాలు మూడు విషయాలను సూచిస్తున్నాయి. (అ) ఇష్టానికీ అయిష్టానికీ మూలాలు వేరువేరు కాకపోవచ్చు. రెండూ మనుషుల సామీప్యం నుంచే పుట్టినట్టు కనిపిస్తుంది. (ఆ) ఉద్యోగి అనుభవించిన స్వేచ్ఛలో పెద్ద భాగం రాతపూర్వక నియమం కాదు, పైన ఉన్న మనిషి ఇచ్చేది. కాబట్టి ఆ మనిషి తీసేసుకోగలిగేది. (ఇ) మౌనంగా మిగిలిన ఉద్యోగుల మాట దొరికేవరకు ఈ చిత్రం సగమే.

రెండో అంశానికి అత్యంత బలమైన ఆధారం బ్రాటెన్. షాక్లీ మీద ఆయనకూ బార్డీన్‌కూ ఉన్న ఫిర్యాదు దాదాపు ఒకటే. బార్డీన్ 1951లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. బ్రాటెన్ మరో బృందానికి మార్పించుకుని 1967 వరకు అదే సంస్థలో ఉన్నారు. సంస్థ అదే, ప్రాంగణం అదే. మారింది పై అధికారి. ఒక్క మనిషి జీవితం సిద్ధాంతానికి చాలదు, నిజమే. అయినా పరిశోధన ఉద్యోగంలో చేరబోయే యువతీయువకులు జీతం, పరికరాలు, భవనం గురించి అడిగాక, ఇంకొక్క ప్రశ్న కూడా అడగడం మంచిదని చెప్పడానికి ఈ ఆధారం చాలు: నా పై అధికారితో పొసగకపోతే, ఇదే సంస్థలో నేను ఇంకో గదికి మారగలనా?