చెన్నపట్నం కంటే ముందు ఆర్మగాం

చెన్నై చూడబోయినవాళ్లు మెరీనా బీచీ, కపాలీశ్వరుడి గుడీ, శాంథోం చర్చీ అయ్యాక ఓపిక మిగిలితే సెయింట్ జార్జి కోటకి వెళతారు. అక్కడ 1680 నాటి సెయింట్ మేరీ చర్చి ఉంది, 1948లో తెరిచిన మ్యూజియం ఉంది, ప్రాకారం లోపలే తమిళనాడు సచివాలయమూ ఉంది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఫ్రాన్సిస్ డే అనే ఇంగ్లీషు వర్తకుడు ఈ ఇసుక నేల మీద కోట కట్టుకునే హక్కు సంపాదించడంతో ఊరి కథ మొదలైందని గైడ్లు చెబుతారు. ఆ సంవత్సరం ఆగస్టు 22ని తలుచుకుంటూ ఏటా మద్రాసు దినం కూడా జరుపుతున్నారు. కథ అక్కడ మొదలుపెడితే ముందున్న అధ్యాయం చిరిగిపోయినట్టే. డే ఆకాశంలోంచి ఊడిపడలేదు. అప్పటికే అతను చెన్నైకి ఉత్తరాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, నెల్లూరు తీరంలో, ఆర్మగాం అనే ఈస్టిండియా కంపెనీ స్థావరానికి పెద్ద. ఆ ఆర్మగామే ఇవాళ్టి వాకాడు మండలంలోని దుగరాజపట్నం. 2022 జిల్లాల విభజనలో వాకాడు తిరుపతి జిల్లా కిందికి పోయింది కానీ, మనుషుల మాటలోనూ పాత రికార్డుల్లోనూ అది నెల్లూరు తీరమే. కోటా, ఫిరంగులూ, ఓడలు నిలిచే చోటూ అన్నీ ఉన్న ఊరిని వదిలి, ఓడ నిలవడానికే కష్టమైన చోటికి ఇంగ్లీషువాళ్లు ఎందుకు పోయారు? ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే తప్ప సెయింట్ జార్జి కోటని పూర్తిగా చూసినట్టు కాదు. ఆ జవాబు రేవులో దొరకదు, గుడ్డలో దొరుకుతుంది.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ 1611లో మొదట పులికాట్ దగ్గర ఆగింది. డచ్చివాళ్లు అప్పటికే అక్కడ పాతుకుని ఉన్నారు, దిగనివ్వలేదు. ఓడ ఉత్తరానికి సాగి నిజాంపట్నం, మచిలీపట్నం చేరింది. మచిలీపట్నంలో వ్యాపారం బాగానే పుంజుకుంది కానీ, గోల్కొండ సుల్తాను అధికారుల వసూళ్లు ఒకవైపు, డచ్చివాళ్ల పోటీ ఒకవైపు నిలవనివ్వలేదు. 1613 నుంచి పులికాట్‌లో డచ్చివాళ్లకి గెల్డ్రియా కోట ఉంది. మధ్యలో కొన్నాళ్లు వాళ్లతో కలిసి పులికాట్‌లోనే వ్యాపారం చేద్దామని ఇంగ్లీషువాళ్లు ప్రయత్నించి, ఆ పొత్తు కుదరక బయటపడ్డారు. గోల్కొండ సరిహద్దుకి అవతల, డచ్చి ఫిరంగికి అందనంత ఎడంగా ఒక చోటు కావాలి. అలా 1626లో ఆర్మగాం దొరికింది. వాళ్లకి స్థానికంగా సాయపడిన ఆరుముగ మొదలియారు పేరు మీదుగానే ఆ స్థావరానికి ఈ పేరు వచ్చిందని చెబుతారు. పన్నెండు ఫిరంగులతో దాన్ని పటిష్ఠం చేసుకున్నారు. భారతదేశంలో ఇంగ్లీషువాళ్లు కోటలా కట్టుకున్న మొదటి స్థావరం ఇదేనని చరిత్రకారులు రాశారు. 1628లో మచిలీపట్నంలో వేధింపులు భరించలేనంతగా పెరిగినప్పుడు అక్కడి ఉద్యోగులు తట్టాబుట్టా సర్దుకుని తలదాచుకున్నదీ ఇక్కడే.

వీళ్లందరూ వెతుక్కుంటూ వచ్చింది మిరియాల కోసమూ లవంగాల కోసమూ. అవి పండేది జావా, సుమత్రా, మొలుక్కాల్లో. అక్కడివాళ్లు వెండి కంటే ఎక్కువగా అడిగింది మన తీరపు అద్దకం గుడ్డ. అందుకే కంపెనీకి ఈ తీరంలో ముందు గుడ్డ కావాలి, తర్వాతే రేవు. ఈ వరుస గుర్తుంచుకోకపోతే తర్వాత జరిగినదేదీ అర్థం కాదు. ఆ గుడ్డ తయారీ కూడా గుమ్మం దగ్గర తూకం వేసి కొనుక్కునేంత తేలిక కాదు. నేసిన ముతక బట్టని ఉతికి ఆరేసి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టాలి. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద అలుక్కుపోకుండా గీసిన చోటే నిలుస్తుంది. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన కసిమితో నల్ల గీతలు గీస్తారు. కరక్కాయ పట్టిన గుడ్డకి ఆ నీళ్లు తగలగానే గీత నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు అద్ది, చిరివేరు వేసి ఉడకబెడతారు. పటిక తగిలిన మేరకే ఎరుపు పట్టి, మిగతాది ఉతుకులో పోతుంది. నీలి కావాలంటే ఆ చోటు వదిలి మిగతాదంతా మైనంతో మూసి నీలిమందు తొట్టిలో ముంచాలి. నేసేవాడు, ఉతికేవాడు, గీసేవాడు, చిరివేరు తవ్వి తెచ్చేవాడు, ఉప్పు తగలని మంచినీళ్లు, వీళ్లందరికీ ముందుగా బయానా ఇవ్వడానికి షావుకారు. ఇవన్నీ ఒక రోజు నడక దూరంలో ఉంటేనే ఓడ వచ్చే వేళకి మూటలు సిద్ధమవుతాయి. ఒక్క చోట తెగినా ఓడ ఖాళీగా గాలి కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి.

ఇప్పుడు రెండు ఊళ్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆర్మగాం ఎదుట సముద్రంలో తీరానికి సమాంతరంగా ఒక ఇసుక దిబ్బ నీటి అడుగున పొడవునా సాగుతుంది. నావికుల పటాల్లో దాన్ని ఆర్మగాం షోల్ అంటారు. బంగాళాఖాతం అలల జోరుని అది కాస్త విరుస్తుంది కాబట్టి దిబ్బకీ ఒడ్డుకీ మధ్య ఓడలు కుదురుగా లంగరు వేసుకోవచ్చు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషు నౌకాదళం వాళ్లు ఈ నీళ్లకి బ్లాక్‌వుడ్ హార్బర్ అని పేరు కూడా పెట్టారు. మద్రాసుకి ఇలాంటి అదృష్టం లేదు. అక్కడ ఓడ దూరంగా లంగరేసుకోవాలి. మేకు అన్నది లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో, అలల మీద ఎగిరెగిరి పడుతూ, మనుషులూ సరుకూ ఒడ్డు చేరాలి. రెండు శతాబ్దాలకి పైగా మద్రాసుకి ఇదే గతి. చివరికి కట్టిన హార్బరు గోడల్ని కూడా 1881 తుపాను పడగొట్టింది. సముద్రం పరీక్ష పెడితే ఆర్మగాం నెగ్గాలి, మద్రాసు ఓడాలి. నెగ్గింది మద్రాసు. డే మద్రాసుని సిఫారసు చేస్తూ చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది, అక్కడ అద్దకం గుడ్డ ఆర్మగాంలో కంటే చవగ్గా, మేలుగా దొరుకుతుందన్నది. 1640 ఫిబ్రవరిలో అతనూ, మచిలీపట్నం పెద్ద ఆండ్రూ కోగనూ ఓడల మీద అక్కడికి తరలివెళ్లారు. ఆర్మగాం ఆ తర్వాత లేవలేదు.

దీనికి వేరే కారణాలు చెప్పేవాళ్లున్నారు. స్థానిక నాయకుడి పీడన వల్లే ఆర్మగాం వదిలారన్నది వాటిలో గట్టి వాదన. పీడన లేదని ఎవరూ అనరు. కానీ మచిలీపట్నంలో అంతకంటే ఎక్కువ పీడన పడి, పారిపోయి మరీ, మళ్లీ అక్కడికే తిరిగి వెళ్లారు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర ఫర్మానా తెచ్చుకుని వ్యాపారం సాగించారు. గుడ్డ దొరికే చోట కంపెనీ దెబ్బలు తిన్నా నిలబడింది, దొరకని చోట సాకు చూసుకుని లేచింది. రెండోది రంజైన కబురు. శాంథోంలో డేకి ఒక ప్రియురాలు ఉందనీ, ఆమెకి దగ్గర కావడానికే ఆ చోటు ఎంచుకున్నాడనీ ఆనాటి నుంచే చెప్పుకుంటున్నారు. నిజమే అయినా, ఒక మనిషి వలపు అతన్ని రప్పిస్తుంది కానీ, అతను పోయాక కూడా కంపెనీని రెండొందల ఏళ్లు అక్కడ కూర్చోబెట్టదు. దామెర్లవారి ఆహ్వానం మాత్రం తీసిపారేయలేం. కోట కట్టుకోనిస్తామనీ, సుంకాల్లో రాయితీ ఇస్తామనీ పిలిచిన తెలుగు నాయకులు వాళ్లు. తండ్రి చెన్నప్ప పేరు చెన్నపట్నంగా నిలిపారు. అయితే ఆ ఆహ్వానానికి విలువ వచ్చింది కూడా వాళ్ల ఏలుబడిలో నేతగాళ్లు ఉండబట్టే. ఉత్త ఇసుకకి సుంకం రాయితీ ఇస్తే ఎవరు వస్తారు?

సరే, కథ బాగుంది, దుగరాజపట్నం వెళితే చూడడానికి ఏముందని అడగవచ్చు. ఫిరంగులు లేవు, కోట నిలిచి లేదు. నెల్లూరు నేలకి ఈ విషయంలో పాత దురదృష్టం ఒకటుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలూ, వాటి కింద కుండలో రోమన్ బంగారు నాణాలూ బయటపడ్డాయి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలం నాటివి. రైతు వాటిని పాత బంగారం లెక్కన అమ్మాడు, చాలావరకు కంసాలి మూసలో కరిగిపోయాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ రాసిన ఉత్తరం ఏషియాటిక్ రిసెర్చెస్‌లో అచ్చయింది కాబట్టి కనీసం ఆ కబురైనా మిగిలింది. వస్తువు పోయిన చోట కాగితం మిగలడం మనకి కొత్త కాదు. వస్తువు లేనంత మాత్రాన చోటు చూడదగనిది కాదన్నదే నా వాదన. ఆర్మగాం కథలో అసలు సాక్ష్యం గోడ కాదు, నేల పొందిక. ఎదుట దిబ్బ ఆపిన సముద్రం, వెనక ఉప్పు నేలలు, బకింగ్‌హాం కాలువ, దక్షిణాన పులికాట్ సరస్సు. ఆ ఒడ్డున నిలబడితే ఓడకి ఎందుకు నచ్చిందో, గుడ్డ కొనేవాడికి ఎందుకు నచ్చలేదో రెండూ ఒక్క చూపులో తెలుస్తాయి. సెయింట్ జార్జి కోట ఎంత గట్టిగా నిలిచి ఉన్నా ఈ సంగతి చెప్పలేదు.

ఇంకో అభ్యంతరం కొంచెం ఘాటైనది. మనల్ని ఏలినవాళ్ల మొదటి అడుగుని మనమెందుకు ముస్తాబు చేసి చూపించాలి? వియత్నాంలో సైగాన్‌ని చూస్తే దీనికి ఒక జవాబు దొరుకుతుంది. ఆ ఊళ్లో వియత్నాం రాజులు కట్టిన కోటని 1859లో ఫ్రెంచివాళ్లు నేలమట్టం చేశారు. తర్వాత తాము మార్సెయ్ నుంచి ఇటుకలు తెప్పించి 1880 నాటికి నోటర్ డామ్ చర్చి కట్టారు, 1891 నాటికి పెద్ద పోస్టాఫీసు కట్టారు. ఫ్రెంచివాళ్లతోనూ అమెరికాతోనూ దశాబ్దాలు యుద్ధం చేసిన ఆ జనం, గెలిచాక వాటిని కూల్చలేదు. చర్చీ పోస్టాఫీసూ చూపిస్తారు, అదే ఊపులో 1975లో టాంకులు గేటు విరిచి చొరబడిన అధ్యక్ష భవనాన్నీ చూపిస్తారు. ఏలుబడి ఎలా వచ్చిందో, ఎలా పోయిందో ఒకే పూటలో తెలుస్తుంది. ఆర్మగాంని చూపించడమంటే ఫ్రాన్సిస్ డేకి హారతి పట్టడం కాదు. కంపెనీ ఈ తీరంలో ఒకప్పుడు నాయకుల దయ మీద, షావుకార్ల బయానా మీద, అద్దకంవాడి చేతి మీద ఆధారపడ్డ చిన్న వ్యాపారి మాత్రమేనని చూపించడం. అది మన వైపు నుంచి చెప్పవలసిన కథ.

ముందు సరుకు, తర్వాతే రేవు అన్న పాఠం వర్తమానంలో కూడా ఒకసారి మళ్లీ ఎదురైంది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలో దుగరాజపట్నం దగ్గర కొత్త పెద్ద ఓడరేవు కడతామనీ, మొదటి దశ 2018 చివరికి పూర్తిచేస్తామనీ రాశారు. కట్టలేదు. ఉత్తరాన కృష్ణపట్నం 2008లోనే మొదలైపోయింది, దక్షిణాన శ్రీహరికోట ఉంది. కృష్ణపట్నం నిలబడింది లోతైన నీళ్ల వల్ల మాత్రమే కాదు. బొగ్గు కోసం పక్కనే విద్యుత్ కేంద్రాలు వచ్చాయి, ఓబులవారిపల్లె నుంచి రైలు మార్గం పడింది. సరుకు ఉన్న చోటికే రేవు నడిచి వెళుతుందన్న డే లెక్క మూడొందల డెబ్భై అయిదేళ్ల తర్వాత కూడా చెల్లింది.

చూడదగిన చోట్లు వాటంతట అవే పుట్టవనడానికి ఈ తీరంలోనే రుజువులున్నాయి. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా దగ్గర మొహర్రం రోజుల్లో లక్షల మంది రొట్టెలు మార్చుకుంటారు. అక్కడికి వచ్చేది కట్టడం చూడడానికి కాదు, కోరిక రొట్టె పట్టుకోవడానికి. శ్రీహరికోటలో రాకెట్లు 1971 నుంచి లేస్తున్నాయి. మామూలు జనం కూర్చుని చూసేందుకు గ్యాలరీ మాత్రం 2019లో వచ్చింది, అప్పటినుంచే అది కుటుంబాలు వెళ్లే చోటయింది. దుగరాజపట్నానికి కావలసింది కూడా అంతకంటే పెద్దదేమీ కాదు. ఒక పటం, ఒక బోర్డు, కరక్కాయ నుంచి చిరివేరు దాకా గుడ్డ తయారయ్యే వరుస చూపే ఒక చిన్న గది. నాయుడుపేట మీదుగా పొద్దున్నే అక్కడికి చేరితే, మధ్యాహ్నానికి పులికాట్‌లో డచ్చివాళ్ల సమాధుల తోట చూసుకుని, కోట మ్యూజియం మూసేలోపు చెన్నై చేరవచ్చు. మచిలీపట్నం నుంచి తరిమితే వచ్చిన కంపెనీ చివరి మజిలీలన్నీ ఆ ఒక్క రోజు దారి మీదే ఉన్నాయి.