సౌందర్య ఎక్కిన విమానం మోడల్ కథ: మూడో చక్రం ఎక్కడుండాలి?

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు నుంచి బెంగళూరుకు రోడ్డు మీద పోయేవాళ్లకు యలహంక దాటినాక జక్కూరు వస్తుంది. అక్కడ రోడ్డు పక్కనే ఒక చిన్న ఎయిర్‌ఫీల్డ్ ఉంది. 2004 ఏప్రిల్ 17న హీరోయిన్ సౌందర్య ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ పోదామని అక్కడే విమానం ఎక్కింది. లేచిన కొద్దిసేపటికే అది కూలిపోయింది. ఆమె, ఆమె అన్న అమర్‌నాథ్‌తో సహా నలుగురు చనిపోయారు.

అది టేకాఫ్‌లో జరిగింది. దాని మీద ఇప్పటికే బోలెడు కథలున్నాయి, వాటి జోలికి నేను పోను. నేను చెప్పేది ఆ మోడల్ గురించి. సెస్నా 180. ఈ రకం విమానాల్లో ఎగరేయడం కన్నా నేలకు దించడమే కష్టం.

1953లో వచ్చిందిది. రెండు పెద్ద చక్రాలు ముందర, ఒక బుల్లి చక్రం తోక కింద. అప్పటి చిన్న విమానాలు చాలావరకు ఇట్లానే ఉండేవి. ముక్కు పైకి లేచి ఉంటుంది కాబట్టి ప్రొపెల్లర్‌కు రాళ్లు తగలవు, మట్టి నేల మీదైనా దిగొచ్చు. చిక్కంతా బరువుతో. అది పెద్ద చక్రాలకు వెనకాల ఉంటుంది.

శెనక్కాయల లోడున్న ట్రాలీని ట్రాక్టర్‌తో ఎప్పుడైనా రివర్స్ చేసినారా? కొంచెం వంకర పోయిందంటే ఇంకా ఇంకా వంకర తిరిగి అడ్డం పడుతుంది. ఇదీ అంతే. దిగేటప్పుడు పక్కగాలి కొట్టి ముక్కు కాస్త తిరిగితే చాలు, వెనక బరువు ముందుకు తోసుకొస్తుంది. విమానం గిర్రున తిరుగుతుంది, రెక్క నేలకు రాసుకుంటుంది, చక్రం కాలు విరుగుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. మనుషులు చాలాసార్లు బయటపడతారు, విమానమే షెడ్డుకు పోతుంది. అందుకే విమానం పూర్తిగా ఆగేదాకా రడ్డర్ పెడల్స్ మీంచి కాళ్లు తీయొద్దని నేర్పుతారు.

1956లో అదే కంపెనీ 172ను తెచ్చింది. మూడో చక్రం ముక్కు కిందికి వచ్చింది, బరువు పెద్ద చక్రాలకు ముందుకు జరిగింది. ఇప్పుడిది ముందుకు లాగే ట్రాలీ లెక్క, వంకర పోయినా తనే సర్దుకుంటుంది. పైలట్లను ఎంత తిట్టినా రాని మార్పు ఒక్క చక్రం జరిపితే వచ్చింది! కంపెనీ దీనికి ‘ల్యాండ్-ఓ-మాటిక్’ అని ప్రచారం చేసుకుంది. అది మాత్రం కొంచెం అతి. స్పీడుగా వచ్చి ముందు చక్రం మీద పడితే బంతిలా ఎగిరి, ఆ చక్రమే విరుగుతుంది. అయినా 44,000కు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇన్ని తయారైన విమానం ఇంకోటి లేదు. మన ఫ్లయింగ్ స్కూళ్లలోనూ ఇది కనిపిస్తుంది.

అట్లని 180 చెడ్డ విమానం కాదు. జెర్రీ మాక్ అనే అమెరికా గృహిణి 1964లో దాంట్లోనే ఒంటరిగా ప్రపంచం చుట్టింది. ఢిల్లీ, కలకత్తాల్లో కూడా దిగింది. ఒంటరిగా అట్లా చుట్టిన మొదటి ఆడమనిషి ఆమె. తిరిగి ఇంటికి చేరింది కూడా ఏప్రిల్ 17నే. 180 తయారీ 1981లో ఆగిపోయింది. అలాస్కాలో గులకరాళ్ల మీద దిగేవాళ్లు మాత్రం ఇప్పటికీ దాన్ని వదల్లేదు.