రూపాయి బిళ్ళంత మచ్చ: ఊపిరితిత్తుల అంచుకు చేరిన గొట్టం కథ

ముప్పై ఏళ్ళ క్రిందటి మాట. ఎల్లారెడ్డి ప్రాంతపు రైతు ఒకరు విడవని దగ్గుతో నా వద్దకు వచ్చారు. వయస్సు అరవై దాటింది. యౌవనం నుంచి బీడీ అలవాటు. ఎక్స్-రేలో కుడి ఊపిరితిత్తి అంచున రూపాయి బిళ్ళంత మచ్చ కనిపించింది. కళ్లె పరీక్షలో క్షయ క్రిములు లేవు. అయినా మన వైపు మచ్చ అంటే క్షయే అనుకునే అలవాటు కొద్దీ ఆరు నెలల మందులు ఆరంభించాను. గడువు ముగిశాక తీసిన ఎక్స్-రేలో మచ్చ రెట్టింపయింది. ఆ నిర్ణయం నాదే. అయితే ఆ మచ్చ నుంచి చిన్న ముక్క తెచ్చి చూసే సాధనమేదీ అప్పుడు నా చేతిలో లేదు. ఆ సాధనం ఎలా రూపొందిందో, నేడు కొందరు వైద్యులు సూచిస్తున్న ‘రోబో బ్రాంకోస్కోపీ’కి ఎంతటి సాక్ష్యం ఉందో పాఠకులకు తెలియజేయడం అవసరమని తోచింది.

1897లో జర్మనీలోని ఫ్రైబర్గ్ నగరంలో గుస్టావ్ కిలియన్ అనే వైద్యుడు ఒక రైతు శ్వాసనాళంలో చిక్కుకున్న ఎముక ముక్కను లోహపు గొట్టం ద్వారా బయటకు తీశారు. గొంతును మొద్దుబార్చడానికి ఆయన వాడినది కొకైన్. బ్రాంకోస్కోపీ చరిత్ర అక్కడ మొదలవుతుంది. తరువాత దాదాపు డెబ్బై ఏళ్ళు ఆ వంగని గొట్టమే వైద్యులకు దిక్కు. 1966లో జపాన్‌కు చెందిన షిగెటో ఇకెడా గాజు పోగులతో చేసిన వంగే గొట్టాన్ని లోకానికి చూపారు. అప్పటినుంచి రోగి మెలకువగా ఉండగానే పరీక్ష చేయడం సులువైంది.

కాని శ్వాసనాళాల అమరిక మర్రిచెట్టు వంటిది. మొదలు నుంచి చివరి రెమ్మ దాకా ఇరవైకి పైగా చీలికలుంటాయి. మామూలు గొట్టం మొదటి నాలుగైదు చీలికలు దాటాక ఇరుక్కుంటుంది. మా రైతు మచ్చ ఉన్నది చివరి రెమ్మల వద్ద. అటువంటి మచ్చలకు ఛాతీ బయటి నుంచి, సి.టి. స్కాన్ చూస్తూ సూది గుచ్చే పద్ధతి వచ్చింది. ముక్క బాగానే వస్తుంది. చిక్కల్లా సూది చేసిన రంధ్రం గుండా గాలి కారి, ఊపిరితిత్తి ముడుచుకుపోయే ప్రమాదం. దీనినే న్యూమోథొరాక్స్ అంటారు. బీడీ, చుట్టలతో ముందే దెబ్బతిన్న ఊపిరితిత్తులలో ఈ ముప్పు మరింత అధికం.

ఇరవయ్యేళ్ళ క్రిందట సి.టి. స్కాన్ నుంచే లోపలి దారుల పటం తయారుచేసి, అయస్కాంత క్షేత్రం సాయంతో గొట్టాన్ని నడిపే ‘నావిగేషన్’ పద్ధతి వచ్చింది. దానికి కొనసాగింపే రోబో. అమెరికా ప్రభుత్వ అనుమతి 2018లో ‘మోనార్క్’కు, 2019లో ‘అయాన్’కు లభించింది. రోబో తనంతట తాను పరీక్ష చేయదు. పిల్లలు వీడియో గేము ఆడే పిడి వంటి దానితో వైద్యుడే దానిని నడుపుతాడు. అయాన్ గొట్టం మందం 3.5 మిల్లీమీటర్లు మాత్రమే. వంచిన చోట వంచినట్లే నిలిచి ఉండడం దాని గొప్ప గుణం.

ఇక సాక్ష్యం సంగతి. మోనార్క్‌పై అమెరికాలో 54 మందితో జరిగిన అధ్యయనం 2021లో ప్రచురితమైంది. గొట్టం గడ్డ వద్దకు చేరినట్లు నిర్ధారణ అయింది నూటికి 96 మందిలో. రోగమేమిటో తేలింది 74 మందిలోనే. ఈ రెండు అంకెల నడుమ ఉన్న దూరాన్ని గమనించండి. ప్రకటనలలో మొదటి అంకెనే పెద్ద అక్షరాలతో వేస్తారు. రోగికి కావలసింది రెండవది. అంతటి తేడాకు ఒక కారణమేమిటంటే, స్కాన్ తీసేటప్పుడు రోగి నిండుగా ఊపిరి పీల్చి ఉంటాడు. మత్తులో ఊపిరితిత్తి కొంత కుంచించుకుపోతుంది. పటంలో గడ్డ ఉన్న చోట శరీరంలో గడ్డ ఉండదు.

2025లో ‘న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వెలువడిన వెరిటాస్ అధ్యయనం మరింత విలువైనది. 1 నుంచి 3 సెంటీమీటర్ల గడ్డలున్న వారిని చీటీ వేసినట్లు రెండు వర్గాలుగా విభజించి, ఏడాది పాటు గమనించారు. సరియైన నిర్ధారణ నావిగేషన్ వర్గంలో 79 శాతం, సూది వర్గంలో 73.6 శాతం. న్యూమోథొరాక్స్ మాత్రం 3.3 శాతానికి ఎదురుగా 28.3 శాతం. ఇంత తేడా కళ్ళారా చూశాక సూదిని తొలి ఎంపికగా సమర్థించడం కష్టమే. అయితే ఆ అధ్యయనంలో వాడినది రోబో కాదు. గొట్టాన్ని చేతితో నడుపుతూ, గడ్డ స్థానాన్ని ఎక్స్-రే చిత్రాలతో అప్పటికప్పుడు సరిచూసుకునే నావిగేషన్ పద్ధతి. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతినీ రోబోనూ దాదాపు 400 మందిలో నేరుగా పోల్చగా ఫలితాలు ఇంచుమించు సమానంగా వచ్చాయి. కనుక సూది కంటే ఈ మార్గం క్షేమకరమనడానికి బలమైన ఆధారముంది. చేతితో నడిపే నావిగేషన్ కంటే రోబో మేలనడానికి అంతటి ఆధారం నాకు కనబడలేదు.

మరొక విషయం. ఈ అంకెలన్నీ క్షయ అరుదైన దేశంనాటివి. మన కామారెడ్డి జిల్లాలో బీడీలు చుట్టే ఇళ్ళూ ఉన్నాయి, క్షయా ఉంది. క్షయ గడ్డ కూడా పెట్ స్కాన్‌లో క్యాన్సర్ వలెనే వెలుగుతుంది. అందువల్ల మనకు ముక్క అవసరం మరింత ఎక్కువ. తీసిన ముక్కలనన్నిటినీ ఫార్మలిన్ సీసాలో వేస్తే క్షయ క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షకు అవి పనికిరావు. కొన్నింటిని సెలైన్‌లో వేసి కల్చర్‌కూ, జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షకూ పంపమని ముందే అడగండి. చిన్న మాటే గాని, మరచిపోయే చోట్లు నేను చూశాను.

కామారెడ్డికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. నా కాలంలో అది ఊహకందని సంగతి. అయినా ఇటువంటి పరీక్షలకు నూరు కిలోమీటర్లకు పైబడి హైదరాబాదు వెళ్ళడం తప్పకపోవచ్చు. రోబో కోసం భూమి అమ్మనక్కరలేదు. నావిగేషన్ బాగా చేసే అనుభవజ్ఞుడు దొరికితే చాలు. “మీ వద్ద నూరు మందికి చేస్తే ఎందరికి రోగం తేలింది? ఎందరికి గాలి కారింది?” అని ఆ వైద్యుని అడగండి. ఫలితం ‘క్యాన్సర్ కనబడలేదు’ అని మాత్రమే వస్తే, అది ‘క్యాన్సర్ లేదు’ అని వచ్చినట్లు కాదు. మూడు నెలలకు మరల స్కాన్ ఎప్పుడో తేదీ రాయించుకుని రండి. మా రైతు విషయంలో నేను ఆరు నెలలు ఆగాను.