గడప గడపకూ తిరిగిన రిజిస్టరు

హైదరాబాద్ నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద కొండపాక దగ్గరికి వచ్చేసరికి చూపు ఇప్పుడు పెద్ద భవనాల వైపే పోతుంది. దుద్దెడలో సిద్దిపేట జిల్లా కలెక్టరేట్ ఉంది. కొండపాకలో పసిపిల్లల గుండె ఆపరేషన్లు ఉచితంగా చేసే సత్యసాయి సంజీవని ఆసుపత్రి ఉంది. పాతకాలం మీద మక్కువ ఉన్నవాళ్లు ఊళ్లోకి మళ్లి కాకతీయుల నాటి రుద్రేశ్వరాలయం చూసొస్తారు. పొద్దున్నే భుజాన సంచీ, చేతిలో రిజిస్టరుతో వాడకట్టులో ఇల్లిల్లూ తిరిగే ఆశ వర్కర్ వైపు మాత్రం ఎవరూ ఆగి చూడరు. ఎవరింట్లో కోడలు నెల తప్పింది, ఎవరి బిడ్డకు టీకా బాకీ ఉంది, ఏ ముసలాయన బీపీ గోలీలు మానేశాడు అన్న సంగతులు దవాఖానకంటే ముందు చేరేది ఆమె రిజిస్టరుకే.

ఆ రిజిస్టరు సర్కారు కాగితాల్లో ఒకటిగా కనిపిస్తుంది గానీ దాని వెనక చాలా చరిత్ర ఉంది. తెలుగు నేల మీద జరిగిన పెద్ద పెద్ద వైద్య పరిశోధనల్లో ఎన్నింటికో తొలి అక్షరం పడింది ప్రయోగశాలలో కాదు, ఎవరో ఒకరు గడప ముందు నిలబడి పేరు, వయసు, జబ్బు రాసుకున్న ఇటువంటి పుస్తకంలోనే.

కొండపాక 2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా ఏర్పడే దాకా మెదక్ జిల్లాలో ఉండేది. ఇది వానను నమ్ముకున్న మెట్ట నేల. ఒకప్పుడు ఇక్కడి పేదింట్లో ఏడాది పొడవునా జొన్నరొట్టె, గటక, అంబలే తిండి. తెలంగాణ మెట్ట జిల్లాల జొన్న కూలీల్లో ఒక జబ్బు కనిపించేది. మెడ చుట్టూ, చేతుల మీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది. విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి చెదిరేది. వైద్యులు దాన్ని పెలాగ్రా అంటారు. ఇటలీలోనూ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ మొక్కజొన్న తప్ప మరో తిండి లేని పేదలను పీడించిన జబ్బు అది. మక్క ఊసే లేని జొన్న రైతుకు అదెందుకు వస్తోందన్నది ప్రశ్న.

బెరిబెరి మీద విచారణ కోసం 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో మొదలుపెట్టిన చిన్న విభాగం పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అదే. అక్కడి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో జొన్నకూ పెలాగ్రాకూ ఉన్న లంకెను ప్రపంచం ముందు పెట్టారు. జొన్న మాంసకృత్తుల్లో మితిమీరి ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లమే కారణం కావచ్చన్నారు. ఆ వాదన మీద తర్వాత శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు తర్జనభర్జన పడ్డారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కంచంలో జొన్న తగ్గుతూ పోయింది, పెలాగ్రా కూడా అరుదైపోయింది. వాదన ఎటు తేలినా ఒక మేలు మిగిలింది. రోగి ఏం తింటున్నాడో, ఏ ఊరి నుంచి వచ్చాడో, ఏ నెలలో జబ్బు పెరుగుతోందో అడిగి రాసుకోవడం కూడా వైద్యంలో భాగమేనని ఇక్కడి డాక్టర్లకు అలవాటైంది.

ఆ అలవాటును అంతకుముందే ఊరి స్థాయిలో ఆచరించి చూపిన చోటు మదనపల్లె. అక్కడి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915లో తలుపులు తెరిచింది. దాన్ని నిలబెట్టింది డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. క్షయకు మందు లేని రోజులవి. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండే చికిత్స. మంచాలు వందల్లో ఉంటే రోగులు లక్షల్లో ఉన్నారు. మంచం దొరకని వాళ్ల గతేమిటన్న ప్రశ్న శానిటోరియం గోడలు దాటి ఊళ్లలోకి నడిపించింది. 1948 ఆగస్టులో దేశంలో బీసీజీ టీకాలు మొదలైంది మదనపల్లెలోనే. ఆ తర్వాత క్రిస్టియన్ కొడుకు యొహానెస్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో 1950 నుంచి 1955 దాకా మదనపల్లె పరిసర గ్రామాల్లో జరిగిన క్షయ అధ్యయనం ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 1960లో వంద పేజీలకు పైగా అచ్చయింది.

ఆ పనిని కాస్త ఊహించుకోవాలి. ముందు ఊళ్లో ప్రతి ఇంటికీ నంబరు. ఆ ఇంట్లో ఉన్న ప్రతి మనిషికీ ఒక పేరు, ఒక వరుస. చేతి మీద ట్యూబర్‌క్యులిన్ సూది వేసి, కొన్ని రోజుల తర్వాత మళ్లీ అదే ఇంటికెళ్లి ఉబ్బు కొలవాలి. పెద్దవాళ్లను ఎక్స్‌రేకు ఒప్పించాలి. కొందరికి బీసీజీ వేసి, కొందరికి వేయకుండా ఉంచి, ఏళ్ల తరబడి రెండు గుంపులనూ చూస్తూ రావాలి. ఈలోగా మనుషులు వలస పోతారు, పెళ్లిళ్లయి ఊళ్లు మారతారు, చచ్చిపోతారు. ఈ మార్పులన్నీ పుస్తకంలోకి ఎక్కకపోతే లెక్క తప్పుతుంది. పత్రికలో పేరు పడేది డాక్టరుది. కానీ ఆ వంద పేజీలకు బలం ఇచ్చింది ఎండలో కాలినడకన రెండోసారి, మూడోసారి అదే తలుపు కొట్టిన మనుషులు. అలాంటి వాళ్లలో ఎక్కువమంది పేర్లు ఎక్కడా లేవు. వైద్య చరిత్ర వాళ్లకు బాకీ ఉంది.

ఆసుపత్రి మంచమే క్షయకు దిక్కన్న నమ్మకం మరో పదేళ్లలో కూలిపోయింది. మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన, ఇంట్లో ఉండి మందు మింగినవాళ్లూ శానిటోరియంలో చేరినవాళ్లూ ఒకేలా కోలుకున్నారని తేల్చింది. బెంగళూరు జాతీయ క్షయ సంస్థ తన జిల్లా కార్యక్రమానికి రూపం దిద్దే క్రమంలో దాన్ని పరీక్షించి చూసింది అనంతపురం జిల్లాలో. పక్కనే తుమకూరు పల్లెల్లో డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ జరిపి 1963లో ప్రచురించిన అధ్యయనం అన్నిటికంటే గట్టిగా తగిలింది. పల్లెజనానికి తమ జబ్బు సంగతే తెలియదని, ఆసుపత్రికి రారని అప్పటిదాకా అధికారులు అనుకునేవారు. తీరా అడిగి చూస్తే సగం మందికి పైగా తమంతట తామే వైద్యానికి వెళ్లినవాళ్లే. అక్కడ పరీక్ష చేయకుండా చేతిలో దగ్గుమందు సీసా పెట్టి పంపేశారు. లోపం రోగిలో ఉందా, దవాఖానలో ఉందా అన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు అంతకుముందు రాలేదు. ఇళ్లకు వెళ్లి అడగకపోతే ఎప్పటికీ వచ్చేది కాదు.

ఆ రోజుల్లో భారత క్షయ కార్యక్రమంతో పాటు దాదాపు పదేళ్లు నడిచిన డెన్మార్క్ డాక్టరు ఒకాయన ఉన్నాడు, హాఫ్‌డన్ మాలర్. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ అయ్యాడు. 1978 సెప్టెంబర్‌లో సోవియట్ కజకిస్తాన్‌లోని ఆల్మా అటాలో 134 దేశాలు కూర్చుని ప్రాథమిక ఆరోగ్యం అందరి హక్కని ప్రకటించినప్పుడు దాన్ని ముందుండి నడిపించినవాడు ఆయనే. దక్షిణాది పల్లెల క్షయ రిజిస్టర్లకూ ఆ ప్రకటనకూ మధ్య దూరం, భూగోళం మీద కనిపించినంత లేదు.

దేశంలోనూ అప్పుడే ఒక ప్రయత్నం జరిగింది. 1977 అక్టోబర్ 2న వెయ్యి మందికి ఒకరు చొప్పున గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకం మొదలైంది. మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయలు. ఎంపికైనవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. కాన్పు సంగతి, పాలు పడని సంగతి, తెల్లబట్ట సంగతి ఊళ్లో ఆడవాళ్లు మగ కార్యకర్తతో చెప్పుకుంటారని ఢిల్లీలో ఎవరెలా అనుకున్నారో. పథకం పేర్లు మార్చుకుంటూ నీరుగారిపోయింది. అదే కాలంలో మహారాష్ట్ర కరువు నేల జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు 1970 నుంచి వేరే దారిలో వెళ్తున్నారు. మన మెట్టలాగే జొన్నలు పండే నేల అది. వాళ్లు ఊరి ఆడవాళ్లను, అందులోనూ చదువు రాని వాళ్లను, దళిత స్త్రీలను ఎంచుకుని ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. బడి మెట్లెక్కని మనిషి నాడి పట్టి, పిల్లను తూచి, డాక్టరుతో వాదించగలదని ప్రపంచానికి చూపించారు. తెలుగు ఊళ్లకు ఇది బొత్తిగా కొత్త సంగతేం కాదు, తరతరాలుగా మంత్రసాని చేసిందీ అదే. ఆమె చేతికి ఎవరూ పుస్తకం ఇవ్వలేదు, అంతే.

రిజిస్టరే ముందుండి జబ్బును తరిమేసిన సందర్భం కూడా ఉంది. నారికురుపు. దిగుడుబావిలో మెట్లు దిగి కాళ్లు తడుపుకుంటూ నీళ్లు ముంచుకునే ఊళ్లలో పాత తరానికి దాని సంగతి చెప్పక్కర్లేదు. నీటిలోని కంటికానని పురుగులతో కడుపులోకి చేరి, ఏడాది తర్వాత కాలి మీద బొబ్బ లేచి, తెల్లని దారంలా బయటికొచ్చే పాము అది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి, తెగితే ప్రాణాల మీదికి వచ్చేది. సరిగ్గా నాట్లు, కోతల వేళ మనిషిని మంచాన పడేసేది. దానికి టీకా లేదు, మందు లేదు. దేశంలో ఆ జబ్బు ఉన్న ఏడు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1983-84లో నిర్మూలన కార్యక్రమం మొదలైంది. కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఎవరి కాలికి కురుపు లేచిందో అడిగారు, ఏ బావి నీళ్లు తాగారో రాసుకున్నారు. ఆ బావిలో మందు కలిపారు, దిగే మెట్లు మూసి చేదుకునేలా కట్టించారు, గుడ్డతో వడగట్టి తాగమని నేర్పారు. దేశంలో చివరి రోగి 1996 జులైలో రాజస్థాన్‌లో కనిపించాడు. 2000 ఫిబ్రవరిలో దేశానికి విముక్తి పత్రం వచ్చింది.

పిల్లల కళ్ల కథా అంతే. రేచీకటితో మొదలై చూపు పోయే పిల్లలకు విటమిన్-ఎ పెద్ద మోతాదులో అప్పుడప్పుడు ఒక చెంచాడు పోస్తే సరిపోతుందా అని హైదరాబాద్ పోషకాహార శాస్త్రవేత్తలు పల్లెల్లో పరీక్షించారు. 1970లో అది దేశమంతటి కార్యక్రమమైంది. 1987-90 మధ్య వాళ్లే హైదరాబాద్ దగ్గర 29 పల్లెల్లో మరో లెక్క మొదలుపెట్టారు. 15 ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా ఉప్మా అందింది. మిగతా 14 ఊళ్లకు ఆ కార్యక్రమం ఇంకా రాలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెతికి పట్టుకుని కొలిచారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు, వాళ్ల రక్తనాళాల్లో బిరుసుతనం తక్కువ. 2008లో ఆ ఫలితం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అంగన్‌వాడీ టీచరు గరిటెకు అంతకు మించిన సన్మానం ఏముంటుంది!

గోదావరి జిల్లాల్లో 2003-04లో ఆరోగ్య కార్యకర్తలు మరణాల లెక్క తీశారు. 45 ఊళ్లు, లక్షా 80 వేల జనం. ఏడాదిలో చనిపోయిన 1,354 మంది ఇళ్లకు వెళ్లి, ఎలా పోయారని కుటుంబాలను అడిగారు. అంటురోగాలే పల్లెను చంపుతున్నాయనుకున్నవాళ్లకు జవాబు మరోలా వచ్చింది. మూడింట ఒక వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. ఈనాడు కొండపాకలోనైనా మరో ఊళ్లోనైనా ఆశ సంచీలో బీపీ, షుగర్ గోలీలు చేరడానికి ఇటువంటి లెక్కలే దారి వేశాయి.

2005లో ఆశ వ్యవస్థ వచ్చింది. ఈసారి ఊరి ఆడవాళ్లనే ఎంచుకున్నారు, అది జామ్‌ఖేడ్ పాఠం. జీతం మాత్రం ఇవ్వలేదు. చేసిన పనికింత పారితోషికం అన్నారు. ఆ మాట మీద తెలంగాణ ఆశలు రోడ్డెక్కి సమ్మెలు చేశారు. 2021 మేలో కరోనా రెండో అల విరుచుకుపడ్డప్పుడు ఇంటింటి జ్వర సర్వేకు గడప తొక్కిందీ వాళ్లే. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత ఆశ కార్యకర్తలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ఇచ్చింది. పదిలక్షల మంది ఆడవాళ్లను నాయకులని జెనీవా పిలిచింది, ఇక్కడి జీతాల పట్టీలో వాళ్లకు ఇంకా వరుస దొరకలేదు.

ఆశ రిజిస్టరులో బాలింత పేరు పక్కన ఆరు గళ్లుంటాయి. 3, 7, 14, 21, 28, 42 అని రోజులు. ఆ అంకెలకు పునాది ప్రాణహిత అవతలి గడ్చిరోలిలో పడింది. అభయ్, రాణీ బంగ్ అక్కడి పల్లెల స్త్రీలకు పసికందును ఇంట్లోనే చూసుకోవడం నేర్పారు, 39 ఊళ్లలో మూడో ఏటికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. లాన్సెట్ ఆ ఫలితాన్ని 1999లో అచ్చేసింది, 2011లో అది దేశమంతటి పద్ధతి అయింది. కొండపాకలో దవాఖాన నుంచి బిడ్డ ఇంటికొచ్చాక, పుట్టిన మూడో నాడు ఆశ వస్తుంది. చేతులు కడుక్కుని, పసిబిడ్డను తూకం జోలెలో పెట్టి ముల్లు ఆగేదాకా చూస్తుంది. పాలు తాగుతోందా, ఒళ్లు చల్లబడిందా, ఊపిరి ఎగపోస్తోందా అని తల్లిని, అమ్మమ్మను అడుగుతుంది. పెదవులు నీలంగా కనిపించిన బిడ్డకు గుండె ఆసుపత్రి దారి ఇక్కడి నుంచే మొదలవుతుంది. బిడ్డకు ఇంకా పేరు పెట్టి ఉండరు. తల్లి పేరు పక్కనే, మొదటి గడిలో, ఆశ బిడ్డ బరువు రాసుకుంటుంది.