కొంగున ముడేసిన డబ్బు

తెలుగులో ఆడవాళ్ళ డబ్బు గురించి మాట్లాడాలంటే ముందు అది దాక్కున్న చోట్ల గురించి మాట్లాడాలి. కొంగుముడి, పోపులపెట్టె, బియ్యం డబ్బా, చీరల మడతలు. 'కొంగుబంగారం' అన్న మాట దేవుడి పాటల్లోకి వెళ్ళి పుణ్యం కట్టుకుంది గానీ, దాని వెనకున్న బొమ్మ చాలా లౌకికమైనది. అవసరానికి చేతికందేలా ఒక స్త్రీ కొంగున ముడేసుకున్న సొత్తు అది. ఈ అలవాటు మీద మగవాళ్ళు వేసిన జోకులకి లెక్కలేదు. తన సంపాదన మీద కూడా అధికారం లేని మనుషులు వందల ఏళ్ళుగా చేసుకున్న ఏర్పాటుగా నేను దాన్ని చదువుతాను.

ఫోన్‌తో చెల్లింపుల గురించి ఎంత చర్చ జరిగినా ఈ దాపరికం సంగతి ఎవరూ ఎత్తరు. చిల్లర బాధ తప్పింది, బ్యాంకు క్యూ తప్పింది, అర్ధరాత్రయినా డబ్బు పంపొచ్చు. సిగ్నల్ లేకపోతే పాల ప్యాకెట్ కూడా చేతికి రాదు. అన్నీ నిజమే. డబ్బు ఫోన్‌లోకి వెళ్ళాక ఆడవాళ్ళకి దాచుకునే చోటు మిగిలిందా అన్నది నా ప్రశ్న.

కెన్యాలో మిగిలింది, కొంత పెరిగింది కూడా. అక్కడ 2007 మార్చిలో సఫారికామ్ సంస్థ ఎం-పెసా మొదలుపెట్టింది. 'పెసా' అంటే స్వాహిలీలో డబ్బు, మన పైసాకి చుట్టం. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బ్యాంకు ఖాతా అక్కర్లేదు. ఊళ్ళో ఏజెంటుకి నోట్లిస్తే ఆమె నంబరు మీద జమవుతుంది, పిన్ ఆమెకే తెలుసు. అంతకుముందు నైరోబీలో పనిచేసే భర్త పంపే డబ్బు బస్సు డ్రైవర్ల చేతో, తెలిసినవాళ్ళ చేతో రావాల్సి వచ్చేది. ఎం-పెసా వచ్చాక ఊళ్ళోని భార్యలు భర్తనే కాక పట్నంలో ఉన్న బంధువుల్నీ అడగగలిగారు. కొంత ఎవరికీ చెప్పకుండా ఫోన్‌లోనే ఉంచుకున్నారు. ఆ ఊళ్ళలో తిరిగిన పరిశోధకులు ఇంకొకటీ రాశారు. డబ్బు దానంతటదే వస్తోంది కనక భర్త ఇంటికి రావడం తగ్గిపోతుందేమోనని భార్యలకి బెంగ పట్టుకుందట. ఏ ప్రకటనలోనూ కనబడని ఖరీదు ఇది. తవనీత్ సూరి, విలియం జాక్ 2016లో 'సైన్స్' పత్రికలో వేసిన అంచనా ప్రకారం ఎం-పెసా వల్ల 1,94,000 కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయి. 1,85,000 మంది స్త్రీలు వ్యవసాయం నుంచి చిన్న వ్యాపారాల్లోకి మారారు.

మన దగ్గర కథ వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, కూలి డబ్బుల్ని సారా కొట్టు నుంచి ఇంటికి మళ్ళించే పోరాటం కూడా. దాని వెంబడే రోజుకో రూపాయి పొదుపు వచ్చింది. ఒంటరి కొంగుముడి సంఘంగా మారిన కాలం అది. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఇళ్ళలోని ముళ్ళన్నీ ఒక్కసారిగా విప్పాల్సొచ్చింది. గృహిణులు రెండున్నర లక్షల దాకా జమ చేసుకున్నా ఆరా తీయబోమని ప్రభుత్వం చెప్పింది. ఆదాయపు పన్ను శాఖ సరే, ఇంట్లో మొగుడి ఆరా సంగతేమిటి?

అదే ఏడాది ఏప్రిల్‌లో మొదలైన యూపీఐ ఆ తర్వాతే జనంలోకి వెళ్ళింది. బ్యాంకులో ఏ నంబరు ఇచ్చామో ఆ సిమ్ ఉన్న ఫోన్‌లోనే అది పనిచేస్తుంది. ఖాతా ఆమె పేరున ఉన్నా నంబరు భర్తదో కొడుకుదో అయితే తాళంచెవి వాళ్ళ జేబులో ఉన్నట్టే. నంబరు తనదే అయినా, అడిగినప్పుడల్లా ఫోన్ చూపించాల్సిన ఇంట్లో ప్రతి రూపాయీ తేదీతో, గంటతో, పేరుతో సహా బయటపడుతుంది. అమ్మకి పంపిన ఐదొందలు, స్నేహితురాలితో తాగిన కాఫీ. పోపులపెట్టె ఇలా నోరు విప్పేది కాదు.

అయితే ఇళ్ళలో పనిచేసే స్త్రీకి ఏ నెల జీతం అందిందో, ఏ నెల ఎగ్గొట్టారో చూపించే సాక్ష్యం కూడా ఈ రికార్డే. నోట్ల కాలంలో ఆమె మాటకి రుజువు ఉండేది కాదు. అందుకే ఫోన్‌ని తిట్టి ఊరుకోలేను.

2024 ఆగస్టులో 'యూపీఐ సర్కిల్' వచ్చింది. ఖాతా ఉన్నవాళ్ళు 'ప్రైమరీ' యూజర్. వాళ్ళు తమ ఖాతా నుంచి చెల్లించడానికి ఇంకొకరిని 'సెకండరీ' యూజర్‌గా చేర్చుకోవచ్చు. ఒక పద్ధతిలో నెలకి 15,000 రూపాయల పరిమితి ఉంటుంది. రెండో పద్ధతిలో ప్రతి చెల్లింపుకీ ప్రైమరీ యూజర్ ఒప్పుకుని పిన్ కొట్టాలి. నిబంధనల్లో ఆయన అనీ ఆమె అనీ లేదు. సొంత ఖాతా లేనివాళ్ళకీ, పెద్దవాళ్ళకీ ఇది ఉపయోగమే, కాదనను. కిరాణాకొట్టు ముందు నిండిన సంచీతో నిలబడి, ఆయన మీటింగులోంచి బయటికొచ్చి పిన్ కొట్టేదాకా వెనకవాళ్ళకి దారిస్తూ ఉండేది ఎవరో మాత్రం నిబంధనలు చెప్పకపోయినా మనకి తెలుసు.